తువ్వాలు కింది బేరం

నూజివీడు స్టేషనులో దిగి ఊరు వచ్చేసిందనుకోకండి. ఏలూరులో ఆరింటి పాసింజరెక్కి ఏడున్నరకు అక్కడ దిగాను. ఊరింకా పది మైళ్ళ పైమాటే. బస్సు కోసం గంటసేపు పడిగాపులు, ఈలోగా రెండు ఇడ్లీలు, చల్లారిన కాఫీ. ఇంటి దగ్గరే తిని బయలుదేరడం మేలు.

నేను మామిడిపళ్ళకు ఆశపడి వెళ్ళలేదు. అక్కయ్య భర్త శేషయ్య బావ అక్కడ మామిడి వర్తకుడు. మెదడులో గడ్డ లేస్తే మద్రాసులో ఆపరేషను చేశారు. గడ్డ తీశారు గాని మాట తడబడుతోంది. గడ్డ మళ్ళీ రాదని డాక్టర్లు హామీ ఇవ్వలేదు. "మీ బావ ఆరునెలలుగా గడప దాటడం లేదు, ఒకసారి రా" అని అక్కయ్య ఉత్తరం రాసింది.

బస్సులో పక్కనున్న చాట్రాయి రైతు నేనెవరింటికో తెలియగానే గొంతు తగ్గించాడు.

"ఆయనకి మతి పోయిందంటగా అండీ!"

"మీరు చూశారా?"

"లేదండీ, అందరూ అంటుంటే విన్నా."

పదింటికి ఇల్లు చేరాను. బావ నన్ను చూసి నవ్వాడు. నా పేరు నోటికి రావడానికి మాత్రం కాసేపు పట్టింది. అంతలో పరామర్శకు వచ్చిన పొరుగాయన, బావ ఎదుటే అక్కయ్యను అడిగాడు: "మనుషుల్ని గుర్తుపడుతున్నాడా అమ్మా?" బావ గోడవైపు తిరిగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఏడింటికి, "కాయలమ్మే పాకలు నేనెప్పుడూ చూడలేదు, చూపించు బావా" అని బతిమాలి బయటికి లాక్కెళ్ళాను. అక్కడి బేరం చిత్రంగా ఉంటుంది. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద ఉంటాయి. వేళ్ళు పట్టి, నొక్కి ధర చెప్పుకుంటారు, ఎవరూ నోరు మెదపరు. తోటి వర్తకులు బావకు కుర్చీ వేశారు, కొబ్బరినీళ్ళు తెప్పించారు. బేరానికి మాత్రం ఎవరూ చెయ్యి చాపలేదు.

ఇంతలో మైలవరం నుంచి బండెడు చిన్నరసాలతో ఒక ముసలి రైతు వచ్చాడు. "ఏంటి శేషయ్యగారూ, కూర్చునే ఉన్నారు? నా కాయ నచ్చలేదా అండీ?" అంటూ భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద వేసుకున్నాడు. బావ చెయ్యి దాని కిందికి వెళ్ళింది. రైతు తల అడ్డంగా ఊపాడు. బావ మళ్ళీ వేళ్ళు నొక్కాడు. మూడోసారికి రైతు నవ్వేశాడు. "పిండేశారండీ!"

ఎంతకు కుదిరిందో తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. "ఎంత బావా?" అన్నాను.

బావ మాట కూడదీసుకున్నాడు. "చెప్ప... కూడదు."

చెప్పలేక కాదు, అది వర్తకం మర్యాద.

మూడోరోజు మధ్యాహ్నం రెండింటి బస్సుకు తిరుగుప్రయాణం. రసాల బుట్టతో అక్కయ్య ఒక్కతే బస్సు దాకా వచ్చింది. "బావ రాలేదని ఏమీ అనుకోకురా. పాకలో బేరం మధ్యలో ఉన్నారు" అంటూ కళ్ళొత్తుకుంది.

ఏమనుకుంటాను? ఏలూరు చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.