జాకెట్ పడవలోనే ఉంది

వరమ్మది నిజాంపట్నం రేవు పక్కనున్న మత్స్యకారుల పల్లె. ఎండుచేపలు గంపకెత్తుకుని రేపల్లెలో అమ్ముకొస్తుంది. బేరాల దగ్గర గొంతు లేస్తుంది గానీ నలుగురిలో నిలబడి మాట్లాడి ఎరగదు.

రెండేళ్ల క్రితం ఆమె భర్త బసవపున్నయ్య వేటకెళ్ళి సముద్రంలో పడి చనిపోయాడు. ఆ తర్వాత ఓ అధికారి వచ్చి లైఫ్ జాకెట్ల గురించి పల్లెలో మీటింగ్ పెట్టాడు. లెక్కలన్నీ చెప్పాడు. జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. చివర్లో ఆయన మైకు వరమ్మకిచ్చాడు.

"మా ఆయనకి ఈతొచ్చండి. జాకెట్ పడవలోనే ఉంది."

 మైకు రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఉక్కపోస్తందని తీసి పక్కన పెట్టాడంట. జాకెట్ పడవలోనే ఉంది. వల లాగుతా పడ్డాడు. కేకలు ఇనపడతానే ఉన్నాయంట. జాకెట్ పడవలోనే ఉంది."

ఆ మాట మూడోసారి అనేసరికి, ముందు వరసలోని ఆడవాళ్ళ పెదాలు కూడా కదిలాయి. బసవపున్నయ్య వేటకెళ్ళిన పడవ యజమాని చెంచురామయ్య, ఆమెకు బావగారే, తల దించుకున్నాడు.

"ఎన్నిసార్లంటావమ్మాయ్, ఊరుకో."

"మీరు ఏసుకునేదాకా అంటాను బావగారూ."

మర్నాడు ఆయన పడవలో అందరూ వేసుకునే బయలుదేరారు. ఎండ ముదిరాక కొందరు తీసేశారట. చెంచురామయ్య తియ్యలేదు.

సంగతి పాకింది. బాపట్లలో పెద్ద హాల్లో సభకు పిలిచారు. ఆ మాటను ఫ్లెక్సీ మీద అచ్చు వేయించారు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే నిర్వాహకుడు "అందరూ అనాలి!" అంటూ జనంతో అరిపించాడు. చప్పట్లు, ఈలలు. వరమ్మ సగంలోనే ఆపి కూర్చుంది.

తిరుగు బస్సులో పక్కింటి కృపమ్మ అడిగింది. "అంతా నీతోపాటు అన్నారుగా వదినా, ఏంటి అట్టా ఉన్నావ్?"

"అన్నారు. ఒక్కరూ ఇనలేదు."

ఇప్పుడు ఎక్కడ పిలిచినా ఫ్లెక్సీ వద్దంటుంది. ముందు భర్త గురించి చెబుతుంది: పులుసులో పులుపు తగ్గితే అలిగేవాడని, పాటలు తప్పుగా పాడేవాడని. ఆ మనిషి వినేవాళ్ళకు కాస్త పరిచయమయ్యాకే ఆ మాట అంటుంది. మళ్ళీ అంటుంది. మూడోసారి గొంతు తగ్గించి అని ఆపేస్తుంది.

మొన్న ఓ పల్లెలో అలా చెబుతుంటే మధ్యలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమో అనుకుంది. కాసేపటికి చేతిలో పాత జాకెట్‌తో తిరిగొచ్చాడు.

"దీనికి క్లిప్పు ఊడిందమ్మా. కొత్తది ఎక్కడ దొరుకుద్ది?"

వరమ్మ మైకు పక్కన పెట్టి జాకెట్ చేతిలోకి తీసుకుని చూసింది.