వాన తర్వాత వచ్చే చప్పుడు

ఊళ్లో సగం ఇళ్లకు తతామీ చాపలు కుట్టిపెట్టిన ఇసోగాయ్, ఆ చాప మీద మోకాళ్లు మడిచి పావుగంట కూర్చోలేడు. అలాంటివాడు యాభై నాలుగో ఏట షామిసేన్ వాద్యం నేర్చుకోవడానికి బయలుదేరాడు. కినుయే గురువమ్మ ఇంట్లో పాత చాపలు మార్చడానికి వెళ్లి, పక్కగదిలో మూడు తీగల మోత విని, చేతిలో సూదితో అలాగే నిలబడిపోయాడు. అదీ మొదలు.

గురువమ్మ దగ్గర కాగితాలూ పుస్తకాలూ లేవు. ఎదురుగా మోకాళ్లు మడిచి కూర్చోవాలి. ఆవిడ "చిన్, తొన్, షాన్" అని తీగల్ని నోటితో పలికించి పాడితే అచ్చం అలాగే వాయిస్తూ పాడాలి.

"సొంత తెలివి గుమ్మంలో చెప్పులతోపాటే వదిలి రండి" అన్నది ఆవిడ మొదటి పాఠం.

పాట రెండు నిమిషాలే. గొడుగు మరిచిపోయి వానలో చిక్కుకున్న మనిషి పాట. ఏడాదిన్నరగా అదే.

"వేసవి సభలో తప్పు లేకుండా పాడితే రెండో పాట చెబుతాను. లేదంటే ఇంకో ఏడాది ఇదే వానలో తడవండి" అంది గురువమ్మ.

అన్నీ పట్టుబడ్డాయి, ఒక్కటి తప్ప. "వాన" అన్న మాట తర్వాత గురువమ్మ గొంతులో "హుక్" అని చిన్న చప్పుడు. అది మింగడమా, విరుపా? ఎక్కణ్నుంచి వస్తుంది? ఇసోగాయ్ చాప అంచు కుడుతూ హుక్, దారం తెంపుతూ హుక్. మూడో రోజుకి భార్య తొమోయె నీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"ఏమండీ, ఎక్కిళ్లు పోయేదాకా తాగండి."

"ఎక్కిళ్లు కాదే, సంగీతం!"

"అయితే ఈ నీళ్లు దానికే పట్టించండి."

సభ నూడుల్స్ దుకాణం మేడ మీద జరిగింది. శిష్యులందరూ నూలు యుకాతా దుస్తుల్లో వచ్చారు. ఇసోగాయ్ ఒక్క స్వరం తప్పలేదు. "వాన" తర్వాత గుండెలనిండా "హుక్" అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. గురువమ్మ ముఖం కందిపోయింది. పాటయ్యాక లేచి పారిపోదామంటే కాళ్లు రెండూ మొద్దుబారి అక్కడే ఉండిపోయాయి. ఆవిడే దగ్గరికొచ్చింది.

"ఆ ఎక్కిలి ఎవరు నేర్పారు మీకు?"

"మీరేనమ్మా."

"నేనా!"

ఆవిడ అక్కడికక్కడే ఆ చరణం పాడింది. వాన... హుక్. చేత్తో నోరు మూసుకుంది.

గోడకి చేరగిలి కూర్చున్న హత్సునో అవ్వ పగలబడి నవ్వింది. ఎనభై ఆరేళ్ల మనిషి, ఒకప్పుడు గురువమ్మతో కలిసి ఒకే గురువు దగ్గర నేర్చుకుంది.

"ఒసే కినుయే, అది మన పెద్ద గురువమ్మ కట్టుడు పళ్లే! ఆ మాట దగ్గరకొచ్చేసరికి జారేవి. నాలుకతో పైకి నెట్టుకునేది. నువ్వు అదీ నేర్చేసుకున్నావా!"

మేడంతా నవ్వు. గురువమ్మ మళ్లీ పాడింది, ఈసారి చప్పుడు లేకుండా. తాళం తప్పింది. ఇంకోసారీ తప్పింది.

"ఉండనీ. అది లేకపోతే వాన పడేలా లేదు" అని, ఇసోగాయ్ వైపు తిరిగింది. "నేర్పిందంతా నేర్చుకున్నారు. గురువారం రెండో పాటకి రండి."

గురువారం వెళ్లాడు. కొత్త పాట రెండో చరణంలో గురువమ్మ ఎడమ భుజం కాస్త ఎగిరింది. అది పాటో, దురదో!

ఇసోగాయ్ ఒక్క క్షణం ఆలోచించి, తనూ ఎగరేశాడు.