ఆర్కిడ్ల బొగ్గులు

మా పై పోర్షన్‌లో కిరాయికుండే అక్క ప్రతి బొగ్గుముక్కనూ వాసన చూశాకే కుండీలో వేసేది. ఆర్కిడ్లు మట్టిలో బతకవట. బొగ్గులూ ఇటుక ముక్కలూనే వాటికి నేల. పాత కుండీల్లోవి తీసి కడిగి, మరిగించి, ఎండబెట్టి, కుళ్ళు వాసన పోయినవాటిని మళ్ళీ వాడేది.

తెలంగాణ బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలాయి. కాల్చినవాళ్ళను వెతుకుతూ ఒక పోలీసాయన మా డాబా ఎక్కాడు. బొగ్గులు కడుగుతున్న అక్క చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నేను నీళ్ళ చెంబుతో వెనక నిలబడి ఉన్నాను.

“ఏందమ్మా ఈ మసి? టైర్లు కాల్చింది నువ్వేనా?”

“పూల చెట్ల బొగ్గులు సార్.”

“బొగ్గులల్ల పూలు పూస్తయా? నడువ్, స్టేషన్‌ల చెప్దువు.”

అక్క కదల్లేదు. ఒక ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. “వాసన సూడుండ్రి. రబ్బరు వాసనొస్తే ఇప్పుడే వస్త.”

ఆయన నిజంగానే వాసన చూశాడు. రబ్బరు వాసన లేదు. గొంతు తగ్గించి అడిగాడు.

“మరి కాల్చిందెవరో నీకు ఎరుకేనా?”

“ఎరుకే. కానీ చెప్ప.” అక్క చెయ్యి చాపింది. “ఆ బొగ్గు ఇటియ్యుండ్రి సార్, కుండీకి తక్కువైతది.”