టపాలో వచ్చిన చేతబడి

నా చిన్నప్పుడు మా ఊరి పోస్టాఫీసు అంటే మా ఇంటి వీధరుగే. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, దాంతోపాటు బ్రాంచి పోస్టుమాస్టరు కూడా. అరుగు మీద ఒక చెక్కబల్ల, ముద్ర, సిరా, చిన్న తక్కెడ, అంతే ఆఫీసు. పదకొండు గంటల వేళకు కొత్తపేట నుంచి కాలవగట్టు మీదుగా రన్నరు టపా సంచీ భుజాన వేసుకుని వచ్చేవాడు. అప్పటికే అరుగు కింద పదిమంది చేరి ఉండేవారు. ఉత్తరం వచ్చేది ఏ ఇద్దరికో. మిగతావాళ్ళు ఎవరికి వచ్చిందో తెలుసుకోవడానికి వచ్చేవారు. నాన్నగారు బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ పిలిచేవారు. పేరున్నవాళ్ళు "ఆయ్" అంటూ ముందుకొచ్చేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలు. నాకు తొమ్మిదేళ్ళు. నాన్నగారు సంస్కరణవాది. వాదనకు దిగితే అవతలివాడు ఒప్పుకునేదాకానో, లేచి వెళ్ళిపోయేదాకానో వదిలేవారు కాదు. ఆ వేడి నాకూ వచ్చింది, అందుకు నాకు విచారం లేదు. మా ఇంట్లో ఇంకొక మనిషి ఉండేది. ఆమె మా అత్తయ్య, నాన్నగారి చెల్లెలు. నర్సు చదువు చదివి, ఊళ్ళో జిల్లా బోర్డు డిస్పెన్సరీలో పనిచేసేది. పెళ్ళి వద్దనుకుంది. ఆడపిల్ల పరాయివాళ్ళ పుళ్ళు కడగడమేమిటని ఊరు ముందు వెక్కిరించింది. తర్వాత తమ పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు అదే ఊరు ఆమె గుమ్మం ముందు నిలబడింది. అత్తయ్య గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

ఆ ఏడు పొరుగూళ్ళో ఒక బాలింతకు జ్వరం వస్తే దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళారు. అతను వేపమండలతో కొట్టి, మిరపపొగ పెట్టి పంపాడు. మూడోరోజున అత్తయ్య బండి కట్టించుకుని వెళ్ళి, మందిచ్చి, ఆ పిల్లను బతికించింది. ఆ కోపమంతా నాన్నగారు సంతలో వెళ్ళగక్కారు. అరటిగెలలు దించిన బండి మీదికెక్కి, చేతబడి అనేది ఉంటే తనకు చేసి చూపించమన్నారు. "నా దాకా రావడానికి కాళ్ళు నొప్పులైతే టపాలో పంపించండి. పోస్టుమాస్టర్ని నేనే, ముద్ర కొట్టి మరీ తీసుకుంటాను" అన్నారు. సంతంతా నవ్వింది. వారం తిరక్కుండా ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ చుట్టివచ్చింది. నేను బళ్ళో తలెత్తుకు తిరిగాను.

పదిరోజుల తర్వాత అది నిజంగానే టపాలో వచ్చింది.

ఆ రోజు రన్నరు మెడా వీపూ గోక్కుంటూ వచ్చాడు. "దారంతా ఒకటే దురదండీ మాస్టారండీ, చెమటకనుకుంటానండీ" అంటూ సంచీ దించి బావి దగ్గరకు వెళ్ళాడు. నాన్నగారు సంచీ విప్పారు. నాలుగు కార్డుల మధ్య మందపాటి ఖాకీ కవరు ఒకటి ఉంది. నల్లదారంతో చుట్టి, మీద పసుపూ కుంకుమా బొట్లు పెట్టి ఉంది. పంపినవాళ్ళ పేరు లేదు. నాన్నగారి పేరు మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఒక మూల చిరిగి, సన్నటి గోధుమరంగు నూగు బల్ల మీదికి రాలుతోంది.

అరుగు కింద ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. తమ కార్డులు తీసుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన మాత్రం నోరు ఊరుకోలేక అన్నాడు: "మొదలైందండీ. మోసుకొచ్చినోడికే పట్టేసింది. ఇంక పేరు రాయించుకున్నోళ్ళ సంగతి చెప్పాలా అండీ?"

నాన్నగారి ముఖం ఎర్రబడింది. అందరూ చూస్తుండగా ఆ కవరు విప్పి, అందులో పొడి విభూతిలా నుదుట రాసుకుంటానన్నారు. పొద్దుగూకేదాకా ఆ అరుగు మీదే కూర్చుంటాను, ఏమవుతుందో చూసి వెళ్ళండి అన్నారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆయన కవరు బల్ల మీద పెట్టి, అటు తిరిగి సొరుగులో కత్తెర వెతుకుతున్నారు. అందరి చూపూ ఆయన మీదే ఉంది. ఆయన కంటే ముందు నేనే చేసి చూపించాలని, రాలిన నూగు చిటికెడు తీసి మోచేతి కింద రుద్దేసుకున్నాను. తొమ్మిదేళ్ళ హేతువాదిని మరి!

అప్పుడే డిస్పెన్సరీ నుంచి అత్తయ్య వచ్చింది. గొడుగు ముడుస్తూ ఒకసారి రన్నరు వైపు, ఒకసారి బల్ల వైపు చూసింది.

"అన్నయ్యా, చెయ్యి వెనక్కి తీసుకో" అంది.

"నువ్వు కూడా భయపడుతున్నావా?" అన్నారు నాన్నగారు.

"మంత్రం లేదని నువ్వన్నావు, నేనూ ఒప్పుకున్నాను. పొడి లేదని ఎవరన్నారు?"

నాన్నగారు సొరుగులోంచి కత్తెర తీశారు. పంతం వదల్లేదు. ఇప్పుడు ఆగితే జడిసి ఆగానంటారు అన్నారు. అననివ్వమంది అత్తయ్య. "వాళ్ళు అన్నంత మాత్రాన నీ నుదురు కందదు. రాసుకుంటే కందొచ్చు. కళ్ళ మీద పడితే ఏమవుతుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలీనప్పుడు తెలీదనుకోవడమే కదా నువ్వు పిల్లలకి చెప్పే చదువు?"

నాన్నగారు కత్తెర సొరుగులో పెట్టేశారు.

ఆ తర్వాత అత్తయ్య చేసిన పనులు నాకు వరసగా గుర్తున్నాయి. కవరును ఎత్తలేదు, దులపలేదు, వాసన చూడలేదు. ఉన్నచోటే ఉంచి, ఒక ఇత్తడి పళ్ళెం మెల్లగా బోర్లించింది. కాలవ వైపు గాలి వీస్తోందని వీధిలోవాళ్ళను ఇటు పక్కకు రమ్మంది. కార్డులను తడిగుడ్డ మీద పరిచి, సాయంత్రం ఇస్తానంది. రన్నరు చొక్కా విప్పించి, రుద్దకుండా నీళ్ళు పోసుకోమంది. నాన్నగారి చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించింది, కళ్ళు నులుముకోవద్దని చెప్పింది. పలక తెప్పించి, కవరును గానీ సంచీని గానీ ముట్టుకున్నవాళ్ళ పేర్లు రాసింది. రన్నరు ఒకరు, నాన్నగారు ఒకరు. "ఇంకెవరైనా ముట్టుకున్నారా?" అని అడుగుతూ నా వైపు చూసింది.

లేదన్నాను.

అప్పటికే మోచెయ్యి చీమలు పాకినట్టు ఉంది. కానీ రన్నరు దురదనే చేతబడి అన్నవాళ్ళు, మాస్టారి కూతురు కూడా గోక్కుంటోందంటే ఊరుకుంటారా? నాన్నగారు సంతలో అన్న మాటంతా నా చేతి మీద తేలిపోతుంది. నాకు దురద పుట్టిందని తెలిస్తే నాన్నగారు ఓడిపోతారు. ఆ లెక్క నాకు అంత స్పష్టంగా తోచింది. పెరట్లో అరటిచెట్ల చాటుకు పోయి, తడి పరికిణీ అంచు చేతికి చుట్టుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. మంటకు కన్నీళ్ళు కారిపోతున్నాయి గానీ ఒక్కసారి కూడా గోక్కోలేదు. ఆ మొండితనానికి కూడా నాకు గర్వంగానే ఉండింది.

అన్నానికి పిలిస్తే రాలేదని అత్తయ్య వెతుక్కుంటూ వచ్చింది. చెయ్యి చూసింది. తిట్టలేదు. వంటింట్లోంచి అన్నం తెచ్చి మెత్తగా పిసికి, ఆ జిగురుముద్దను చేతి మీద అద్దుతూ ఎత్తుతూ, చర్మంలో గుచ్చుకున్న నూగంతా పైకి లాగేసింది. అప్పట్లో మేము కవర్లు అంటించేది అన్నం మెతుకులతోనే. అదే జిగురు ఇలా పనికొస్తుందని నాకు తెలియదు. మంట కాస్త తగ్గాక నా భయం చెప్పుకున్నాను.

"కవరు మీద ఎవరి పేరుందే బుల్లీ?" అని అడిగింది.

"నాన్నగారిది."

"ముందు దురద ఎవరికి పుట్టింది?"

"రన్నరుకి. తర్వాత నాకు."

"ఇదేం చేతబడే, చిరునామా చదవడం కూడా రాలేదు!"

ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడు అత్తయ్య అసలు మాట చెప్పింది. సాయంత్రం బడి ముందు అందరి ఎదుటా కవరు విప్పుతున్నామని, అక్కడ ఈ చెయ్యి నేనే చూపించి, పొద్దున్న అబద్ధమాడానని నా నోటితోనే చెప్పాలని అంది. నాన్నగారు ఓడిపోతారేమోనన్నాను. "నిజం చెప్తే ఓడిపోయే వాదనైతే ఓడిపోవాల్సిందే. దాన్ని నిలబెట్టడానికి నీ చెయ్యి కుళ్ళబెట్టుకుంటావా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతు కొంచెం గట్టిపడింది.

ఎండ తగ్గాక, ఇంకా వెలుతురు ఉండగానే బడి ముందు ఊరంతా చేరింది. పొరుగూరి నుంచి భూతవైద్యుడి మనుషులు కూడా వచ్చారు. అత్తయ్య నాన్నగారి చేత కవరు మీది చిరునామా, ముద్ర ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాయించింది. పెద్ద వెడల్పాటి గంగాళంలో నీళ్ళు పోయించింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, గాలి వీపుకు తగిలేలా నిలబడింది.

"మంత్రం లేదన్నోరు మూతికి గుడ్డ కట్టేరేంటండీ?" అని కొబ్బరాయన కేకేశాడు. జనం కిసుక్కుమన్నారు.

"కుప్ప నూర్చేటప్పుడు మీరు తలగుడ్డ మూతికి చుట్టుకోరాండీ? వడ్లకి ఎవరు మంత్రం వేసేరు?" అంది అత్తయ్య, గంగాళం మీంచి తలెత్తకుండానే. నవ్వు అటు తిరిగింది. కొబ్బరాయన కూడా నవ్వేశాడు.

పట్టకారుతో కవరును నీళ్ళలో ముంచి, అది పూర్తిగా నానిన తర్వాత నీళ్ళ అడుగునే కత్తెరతో కోసింది. గాలిలోకి ఒక్క రేణువు లేవలేదు. బూడిద తేలింది, మిరపగింజలు తేలాయి, వెంట్రుకల ముడి ఒకటి వచ్చింది, తర్వాత గోధుమరంగు నూగు పాయలు పాయలుగా బయటికొచ్చింది. పుల్లతో కొంచెం ఎత్తి అరిటాకు ముక్క మీద పెట్టింది. ముట్టుకోకుండా చూడమంది. గేదెలు కాసే ముసలాయన ఒకాయన వంగి చూసి, ఫక్కున నవ్వాడు.

"ఇది దూలగొండి నూగండీ! లంకల్లో కంచెల మీద ఎంత కావాలంటే అంత కాస్తాదండీ. మా గేదె ఓసారి ఆ డొంకలో దూరి, మూడు రోజులు నన్ను పాలు పితకనిచ్చింది కాదండీ!"

అప్పుడు అత్తయ్య నా వైపు చూసింది. బడి మెట్టు ఎక్కాను. నా చెయ్యి ఎత్తి చూపించాను. దద్దుర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొద్దున్న ఎవరూ చూడకుండా నేను ఆ పొడి రాసుకున్నానని, అడిగితే లేదన్నానని, నాన్నగారు ఓడిపోతారని దాచానని చెప్పాను. కవరు నా పేరున రాలేదని, ముట్టుకున్నాను గనుక నాకు దురద పుట్టిందని కూడా చెప్పాను. గుంపులోంచి రన్నరు, "నాకూ అంతేనండీ, అన్నం ముద్ద అద్దితే ఇప్పుడు నిమ్మళించిందండీ" అన్నాడు.

నాన్నగారు నా పక్కన వచ్చి నిలబడ్డారు. పొద్దున్న తాను ఆ పొడి నుదుట రాసుకోబోయానని, చెమటతో అది కళ్ళలోకి జారి ఉండేదని, తెల్లారేసరికి మాస్టారి కళ్ళు చేతబడికే పోయాయని ఊరు ఊరంతా చెప్పుకునేదని అన్నారు. "నేను మంత్రానికి జడవలేదు. మీరు నన్ను పిరికివాడంటారని జడిసేను. మా చెల్లెలు దేనికీ జడవలేదు" అన్నారు. జనం ఎదుట అత్తయ్యకు చేతులు జోడించారు. మా ఊళ్ళో అన్న చెల్లెలికి దణ్ణం పెట్టడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

అత్తయ్య మాత్రం గంగాళంలో నీళ్ళు కాలవలో పొయ్యకూడదని, ఆ నీళ్ళు కింద ఊళ్ళవాళ్ళు తాగుతారని, బడి వెనక లోతుగా గొయ్యి తవ్వించే పనిలో ఉంది. అందులో పోయించి, మన్ను కప్పించి, పట్టకారూ కత్తెరా మరిగించి, చేతులు కడుక్కున్నాకనే ముఖం మీది గుడ్డ తీసింది. ఆ తర్వాత పొద్దుటి కార్డులు ఎవరివి వాళ్ళకు ఇచ్చింది. అందరూ తీసుకున్నారు. కవరు పంపిందెవరో ఎప్పటికీ తెలియలేదు. భూతవైద్యుడు తను కాదని ఒట్టు పెట్టుకున్నాడు. కాకపోయి ఉండొచ్చు. రుజువు లేకుండా అతని మీద వేయడానికి వీల్లేదని అత్తయ్య నాన్నగారి నోరు కట్టేసింది. ఆ విషయంలో నాన్నగారు చాలా బాధపడ్డారు!

తర్వాత నేనూ రాయడం మొదలుపెట్టాను, సభల్లో మాట్లాడాను, శత్రువులను సంపాదించుకున్నాను. పేరు లేని ఉత్తరాలు నాకూ వచ్చాయి. వాటిని ఇంట్లోకి తీసుకురాను. వసారా చివర కూర్చుని, గాలి చూసుకుని, కత్తెరతో అంచు కోస్తాను. చదివాక సబ్బుతో చేతులు కడుక్కుంటాను. ఈ వయసులో ఇంత భయమేమిటండీ అని మా కుర్ర రచయితలు ఆట పట్టిస్తారు. అననిస్తాను.

అయితే ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఇంకొకటి ఉంది. వాదన మధ్యలో నా పక్షానికి ఎదురు తిరిగే నిజమేదైనా నా కంటపడితే, అవతలివాళ్ళు పట్టుకునేదాకా ఆగను, ముందు నేనే లేచి చెప్పేస్తాను. మా వాళ్ళు పక్కన కూర్చుని పైట చెంగు పట్టి లాగుతారు. లేచిన ప్రతిసారీ ఆ బడి మెట్టు ఎక్కుతున్నట్టే ఉంటుంది. చెప్పేసి కూర్చున్నాక మాత్రం, ఎంతటి సభలోనైనా, తల దించుకోవాలనిపించదు.