మూత లోపలి గీతలు

జనగామ స్టేషను రోడ్డులో గడియారాలు బాగుచేసే సాయిబు పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశాడు. ఆ కబురు నాకు గూడూరులో, ప్రార్థన కూడిక మధ్యలో అందింది. పుస్తకం మూసేశాను. ప్రసంగం సగంలోనే ఆపి రైలుకు బయల్దేరాను. నా గొంతు తెలిసిన సోదరులకు ఇదే వింతగా ఉంటుంది.

నేను బడికి పోయినవాణ్ణి కాను. బైబిలు వాక్యం కూడబలుక్కుని నేర్చి, దాన్నే ఊరూరా అరిచి చెబుతున్నవాణ్ణి. దీపాల్లో నూనె లేక తలుపు బయట ఉండిపోయిన కన్యకల మీద ప్రసంగించిన వారంలోనే నా చేతి గడియారం ఆగింది. ఆ ప్రసంగం ఊపులో చాకు మొనతో మూత ఊడదీసి అందులో ఆముదం పోశాను. అప్పటికీ నడవకపోతే సాయిబు దగ్గరికి పట్టుకుపోయాను.

ఆయన మూత తీసి వాసన చూశాడు. "అయ్యగారూ, దీనికేమన్న కడుపునొప్పి లేచిందా? ఆముదం తాపినరు!"

"నూనె లేకనే ఆగిందనుకున్న, సాయిబూ."

"లేక కాదు. పాత నూనె జిగురైతె ఆగుతది. కొత్తది పొయ్యాల్నంటె ముందుగాల పాతది కడగాలె. మీ జనానికి గూడ గదే చెప్పుండ్రి."

చెప్పాను. నా ప్రసంగాలన్నిటిలోకీ మంచిది అదే. ఇచ్చింది మసీదుకు పోయే మనిషి.

ప్రతి చక్రమూ విప్పి పెట్రోలులో కడిగేవాడు. సూదిమొనతో నూనె చుక్క పెట్టి, మూడు రోజులు నడక చూస్తేగాని ఇచ్చేవాడు కాదు. "ఇయ్యాలైతె నడుస్తది. ఎల్లుండి సంగతి నాకు ఎరుక గావాలె గద" అనేవాడు. చివరికి మూత లోపల సన్నగా రెండు మూడు గీతలు గీసేవాడు. మళ్లీ ఎన్నేళ్లకు చేతికి వచ్చినా, ఆ గీతలు చూసి అది ఎవరిదో చెప్పేవాడు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, గూడూరు అవతల అడవి అంచున ఒక అక్క నా దారికి అడ్డం వచ్చింది. కమ్యూనిస్టుల దళంలో ఉన్న ఆమె తమ్ముడు తూటా దెబ్బ తిని గుడిసెలో పడివున్నాడు. "నాలుగు గంటలకోపారి మందియ్యమన్నడు కంపౌండరు. ఒక్కటి తప్పినా దక్కడంట. అడవిల గంటలెట్ల తెలుస్తయి, అయ్యా?"

దారిలో దెబ్బలు తిని పడినవాణ్ణి చూసి పక్కనుంచి పోయిన యాజకుణ్ణి నేనెన్ని ప్రసంగాల్లో తిట్టాను! గడియారం విప్పి ఇచ్చాను. ఆ మనిషి కోలుకుని వెళ్లిపోయాడు. గడియారం గుడిసెలో పోలీసులకు చిక్కింది. గీతలు చూసి, ఇది జనగామ సాయిబు పని అని మానుకోటలో గడియారాలు బాగుచేసేవాడెవరో చెప్పాడట.

వాళ్లు దుకాణానికి వచ్చినప్పుడు నేను ఆయన ఎదుటి బల్ల మీదే ఉన్నాను. అధికారి నా గడియారం ముందు పెట్టాడు.

"ఈ గీతలు నీవేనా?"

"నావే."

"ఎవరిదిది?"

"యాదికి లేదు."

"నీకు అన్నీ గుర్తుంటాయని ఊరంతా చెబుతోంది."

"ఊరు శాన చెప్తది సాబ్."

అధికారి చూపు నా ఖాళీ మణికట్టు మీద పడింది. లేచాను. నోరు తెరిచాను. సాయిబు విసుగ్గా పళ్లెంలోని మరెవరిదో గడియారం చూపించాడు. "అయ్యగారూ, మీది ఇంక గాలేదని చెప్పిన గద! దినాం వచ్చి కూసుంటె అయితదా? మంగళారం రాండ్రి, పోండ్రి!"

పోయాను. అబద్ధికుల మీద నిప్పులు కురిపించిన నోరు మూసుకుని, ఆ అబద్ధం చాటున స్టేషను దాకా పోయాను.

ఆయన్ను పోలీసు క్యాంపులో పద్దెనిమిది రోజులు ఉంచారు. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ వంగలేదు. పేరు చెప్పేదాకా తెరవడానికి వీల్లేదని దుకాణానికి తాళం వేసి ముద్ర కొట్టారు. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో సూది పట్టడం నేర్చుకున్నాడు. భార్య గడియారం కదలకుండా పట్టుకునేది. మొదటిదానికి నెల పట్టింది.

నేను పోయి చెప్పేస్తానంటే కసిరాడు. "ఒక్క చక్రం ఆగితె చాలదా? మీరు గూడ ఆగుడెందుకు? నా పానం ఉన్నన్ని దినాలు చెప్పొద్దు." ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తాళం ఇంకా ఉంది. పనిముట్లు లోపలే ఉన్నాయి. "నాకు చేతులున్నయి, పని ఎరుక. తెరువనియ్యుండ్రి" అని మొన్న ఆయన భార్య అడిగితే, అధికారులు మళ్లీ అదే అడిగారు: గడియారం ఎవరిది?

నాది. ఒట్టు తీరింది కాబట్టి అచ్చులో చెబుతున్నాను. ఈ పత్రిక మీకు అందే రోజున క్యాంపుకు పోయి అదే చెబుతాను. గడియారం నాది, తాళం తీయండి అంటాను. నాకోసం ప్రార్థించండి గాని, ఆగమని మాత్రం ఎవరూ కబురు పంపకండి.

ఆ శుక్రవారం మానుకోటలో రైలెక్కి, సాయంత్రం ఖననం వేళకు చేరాను. మట్టి వేసే ముందు ముఖం చూపించారు. ఏళ్ల తరబడి భూతద్దం బిగించిన కుడికన్ను చుట్టూ చర్మం గుండ్రంగా నొక్కుకుపోయి ఉంది. ముఖమంతా సడలింది. ఆ వలయం ఒక్కటీ సడలలేదు.