మాత్రలు ఎత్తుకుపోయే టైలరు

మా వీధి టైలరు నొప్పి మాత్రలకి బానిసయ్యాడనీ, ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంట్లో మాత్రలు మాయం చేసి చాటుగా మింగుతాడనీ ఒక పుకారు ఉంది. ఎత్తుకుపోవడం నిజం. మింగడం అబద్ధం. ఆ పుకారు పుట్టించింది నేనే కనుక దిద్దాల్సిన పూచీ కూడా నాదే.

మనిషి దారం ఎక్కించని సూదిలా ఉంటాడు. మెడలో టేపు, చెవి సందున పెన్సిలు, జేబులో చిన్న కత్తెర. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆయన చేత కొత్త బట్ట కుట్టించుకునేవాళ్లు లేరు. లావైనవాళ్లకి కుట్లు విప్పడం, చిక్కినవాళ్లకి కుట్లు బిగించడం, అదే బతుకు. కొలతలకి ఇంటికే వస్తాడు. వచ్చినవాడు కుర్చీలో కూర్చోడు. చూపు అల్మారా మీదికీ, కిటికీ గూట్లోకీ, మంచం పక్క బల్ల మీదికీ పోతుంది. ఆయన వెళ్లాక చూసుకుంటే కొందరిళ్లలో పది మాత్రల షీటులో రెండు మిగులుతాయి, కొందరిళ్లలో షీటే ఉండదు. మిగిల్చినచోట అంచు ఎంత తిన్నగా కోసి ఉంటుందంటే, తిట్టబోయినవాళ్లు కూడా ఒకసారి మెచ్చుకుని తిడతారు.

"జలుబు మాత్రలు ముట్టుకోలేదమ్మా, నడుం నొప్పివే పోయాయి" అన్నాడు పై వాటా మాస్టారు.

"రుచి తెలిసిన దొంగ" అన్నాను నేను. ఆ మాటకే కాళ్లొచ్చి వీధి చివరిదాకా నడిచింది.

నా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి, మాత్రలుండేవి. మెడ పట్టిందన్నా, భుజం లాగుతోందన్నా వీధి మొత్తానికి ఆ డబ్బానే ఆధారం. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఎర్రది నొప్పికి, పసుపుది వాపుకి అని కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. కళ్లు తెరిచి షీటు చదివిన పాపాన పోలేదు.

ఆ ఏడు వాన నెలన్నర వదల్లేదు. గోడలు చెమ్మగిల్లి సున్నం పెచ్చులూడింది. ఆరేసిన బట్ట మూడోరోజుకీ తడిగానే ఉండేది. ఏ తలుపు ముందు నిలబడ్డా లోపలినుంచి మూలుగే.

మా ఇంట్లో మూలుగు మా వదినది. మా ఆయన అక్క. ముప్పై ఏళ్లు బేకరీలో నిలబడి పిండి పిసికి, మోకాళ్లు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. బీపీకి ఒక మాత్ర, ఒంట్లో నీరు తీయడానికి ఒక మాత్ర డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు. వాటికి తోడు పొద్దున ఎర్రది, సాయంత్రం పసుపుది నేను వేశాను. నెల దాటింది. తిండి సగానికి పడిపోయింది. గోడవైపు తిరిగి పడుకునేది, పిలిస్తే ఊఁ అనేది. వయసన్నాను, వానన్నాను. నా డబ్బా మీదికి నా అనుమానం పోలేదు.

పైజమా కాళ్లు బిగుతయ్యాయంటే టైలరుని పిలిచాను. వదిన చీలమండ చుట్టూ టేపు పెట్టాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

"పోయిన నెలకీ ఇప్పటికీ అంగుళమున్నర తేడా అక్కా. ఇది ఒళ్లు కాదు. ఆ మాత్రలు..."

"ఒళ్లే. కదలకుండా కూర్చుంటే రాదూ? అవునుగానీ, మీ బావమరిదికి పెళ్లి కుదిరిందటగా, పిల్ల ఏం చేస్తుంది?"

"నర్సు. అక్కా, ఆ ఎర్ర మాత్రా పసుపు మాత్రా..."

"నర్సంటే మంచిదే, ఇంటికొకరు ఉండాలి. రాత్రి డ్యూటీలుంటాయా?"

"ఉంటాయి. నేను చెప్పేదేంటంటే..."

"ఉండు నాయనా, పాలు పొంగుతున్నాయి."

పాలు దించి వచ్చేసరికి మనిషి లేడు. డబ్బా మూత జాగ్రత్తగా పెట్టి ఉంది. లోపల ఒక్క మాత్ర లేదు.

"తీసుకుంటుంటే చూశాను" అంది వదిన.

"చూసి ఆపలేదేం?"

"ఆపాలంటే లేవాలిగా."

గొడుగు తీసుకుని మందుల షాపుకి వెళ్లాను. షాపతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడే టైలరు వచ్చి వెళ్లాడమ్మా. మీ వదినగారి కాళ్ల సంగతి చెప్పాడు. డాక్టరు చీటీ తెస్తేగానీ నేనివ్వను."

దొంగతనం చేసిందిగాక ముందే వెళ్లి దారికడ్డంగా కంచె వేసొచ్చాడు. వీధి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను, వింటున్నవాళ్ల కోసం కాస్త గట్టిగానే. మర్నాడు వేరే దారిలేక వదినని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ వదిన కాలు మీద బొటనవేలితో నొక్కింది. పిండి ముద్దలో వేలు గుచ్చినట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది. రక్తం తీయించింది. రిపోర్టు చూసి నావైపు తిరిగింది.

"ఈ ఎర్రదీ పసుపుదీ పేర్లే వేరు, లోపల మందు ఒకటే. అంటే రెట్టింపు వేశారు. పైగా బీపీ మాత్ర, నీటి మాత్ర వేసుకునే మనిషికి ఈ రకం మాత్ర కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంకో రెండు వారాలు సాగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు. నిన్నటినుంచి ఆపేశారన్నారు, ఎవరు ఆపించారు?"

"దొంగ" అన్నాను.



వదినని ఆరు రోజులు వార్డులో ఉంచారు. వానకి కిటికీలన్నీ మూసిన ఆ గదిలో, మంచం పక్క బల్ల మీద కూర్చుని, నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. పక్క మంచం ఆవిడకి ఎంతమంది పిల్లలో ఇప్పటికీ నాకు తెలియదు. దాన్నిబట్టి నేనెంత భయపడ్డానో మీరే ఊహించుకోండి. ఏడో రోజు వదిన ఇంటికొచ్చి, "పైజమా వదులుగా ఉందే" అంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఖాళీ బిస్కెట్ల డబ్బా పట్టుకుని టైలరు దుకాణానికి వెళ్లాను, గుండీలు వేసుకోవడానికి పనికొస్తుందని. ఆయన లేడు. మిషను మీద కొలతల పుస్తకం ఉంది. తెరిచి ఉన్న పుస్తకం చూడటం తప్పు కాదు. అది మూసి ఉంది. తెరిచాను.

"మాస్టారు. నడుం ముప్పై ఎనిమిది. గుండెజబ్బు, రక్తం పల్చనయ్యే మాత్ర. షీటంతా."

"పాలాయన. ఛాతీ నలభై. కడుపులో పుండు. షీటంతా."

"ఇస్త్రీ అమ్మాయి. భుజం పద్నాలుగు. ఏ జబ్బూ లేదు. రెండు వదిలాను. తిన్నాకే వేసుకోమన్నాను. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు."

మా వదిన పేజీలో చీలమండ కొలత కింద రెండు గీతలు. మొదటి పేజీలో కొలతలే లేవు. "కాజాల తాత. మెడ నొప్పి. ఖాళీ కడుపున టీతో, రోజుకి మూడు మాత్రలు. నేనే ఇచ్చాను."

కాజాల తాత ఆయన పక్కన కూర్చుని గుండీలకి కాజాలు కుట్టేవాడు. మూడేళ్ల కిందట రక్తం కక్కుకుని పోయాడు. కడుపులో ఏదో అన్నారు, ఎవరూ ఇంకేమీ అడగలేదు. అన్నీ అడిగే నేనూ అడగలేదు. పుస్తకం మూసి యథాస్థానంలో పెట్టాను.

"చదివారా అక్కా?" వెనకనించి టైలరు. చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో సగం తిన్న బన్ను.

"చదివాను."

"షీటు మీద పెద్దక్షరాలు లేబులు లాంటివి. కింద చిన్నక్షరాల్లో అసలు మందు పేరుంటుందే, అదీ గుడ్డ. తాతకి ఇచ్చిన రోజుల్లో నేనూ లేబులే చూశాను." డబ్బా అందుకుని మూత తిప్పి చూశాడు. "మీవన్నీ షాపతనికి ఇచ్చేశాను, పారేస్తానన్నాడు."

"ఇంత తెలిసినవాడివి, దొంగ అనిపించుకోవడం ఎందుకు నాయనా? నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

ఆయన సూది కంట్లోకి దారం ఎక్కించి, కొస పళ్లతో కొరికి, అప్పుడు తలెత్తాడు.

"మూడుసార్లు మొదలుపెట్టాను అక్కా. మూడోసారికి పాలు పొంగాయి."