ఎర్తు గుంతకు రెండు బిందెలు

మా కాలేజీలో కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్కు చూసుకోవడం నా పని. ఏ యంత్రం దేనితో మాట్లాడాలో, ఎవరి గది దగ్గర తీగ తెగిందో చూసేది నేనే. మొన్న ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఒక లెక్చరరు కంప్యూటర్లోంచి బయటివాళ్ళకు ఏం ఉత్తరాలు రాస్తున్నాడో కాస్త చూసి చెప్పమన్నారు. చూడడం నాకు రెండు నిమిషాల పని. చూడనని చెప్పాను. నీకు చాదస్తం ఎక్కువన్నారు. కావచ్చు. టెక్నాలజీ మీద, చదువు మీద, చివరికి మా క్యాంటీన్ కాఫీ మీద కూడా నాకు అభిప్రాయాలకు కొదవ లేదు. కానీ వాటిలో గట్టివి రెండే. అవి పుస్తకాల్లో దొరికినవి కావు. ఎనభైల మొదట్లో, ధర్మవరానికీ కొత్తచెరువుకూ మధ్య ఒక ఊళ్ళో, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి వెనక ఉన్న గుంత దగ్గర దొరికాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డిప్లొమా చేతికి రాగానే ఉద్యోగం వచ్చింది. రెండు గదుల మిద్దె, ఊరికంతా కలిపి పాతిక ఫోన్లు, వాటికి నేనే రాజు, నేనే బంటు. మైక్రోఫోను ఎలా పనిచేస్తుందో బొమ్మ వేసి చెప్పగలవాడు చుట్టుపక్కల పది ఊళ్ళలో ఇంకొకడు లేడని నా నమ్మకం. అది నిజమే. నిజం కావడమే నన్ను చెడగొట్టింది.

ఆ యంత్రాలు సరిగా నడవాలంటే వాటికి నేలతో సంబంధం ఉండాలి. అందుకోసం మిద్దె వెనక నిలువెత్తు గుంత తవ్వి, రాగిరేకు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరి, మట్టితో పూడ్చి, పైకి ఒక గొట్టం వదిలారు. దాన్ని ఎర్తు గుంత అనేవాళ్ళం. లోపలి మట్టి తడిగా ఉన్నన్నాళ్ళే అది పనిచేస్తుంది. ఎండితే ఫోన్లలో గుర్రుమని శబ్దం వస్తుంది, ఒకరి మాటలు ఇంకొకరికి వినపడతాయి. కాబట్టి ఆ గొట్టంలో రోజూ రెండు బిందెల నీళ్ళు పోయాలి, నెలకొకసారి శేరు ఉప్పు వేయాలి. అనంతపురం జిల్లాలో మట్టికి రోజూ రెండు బిందెలు పోయాలని రూలు రాసిన మహానుభావుడు ఏ కృష్ణ ఒడ్డున పుట్టాడో నాకు తెలియదు.

ఆ నీళ్ళు పోసేది ఒక ముస్లిం ఆమె. నలభై దాటి ఉంటాయి. భర్త లేడు. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఊడ్చడం, నీళ్ళు మోయడం, మా టపా తీసుకుపోయి పోస్టాఫీసులో వేసి రావడం ఆమె పనులు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను సారూ అనేది. వాళ్ళ వీధి మొదట్లో పట్టుకు రంగులద్దే ఇల్లుంది. ఆ ఇంటివాళ్ళు, ఆడపిల్లకు బడెందుకు, పట్టుదారం కండెలు చుట్టడానికి పంపమని ఎప్పుడూ అడుగుతుండేవాళ్ళు. ఆఫీసు పని ఉన్నన్నాళ్ళు నా బిడ్డ బడికే పోతాదని ఆమె జవాబు. ఆ మాట ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ తర్వాత చేసింది తెలిసే చేశాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆయుధపూజ రోజు నేను బ్యాటరీలకు, స్విచ్‌బోర్డుకు పసుపు కుంకుమలు పెట్టి, వెనక్కి పోయి ఎర్తు గుంత గొట్టానికి కూడా బొట్టు పెట్టి టెంకాయ కొట్టాను. అందరూ చేసేదే. ఆమె కాస్త దూరంగా, కొంగు తల మీదికి లాక్కుని నిలబడి చూసింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. సంక్రాంతికే బావులు అడుగంటాయి. రెండు రోజులకొకసారి ఎద్దులబండి మీద పీపాలతో నీళ్ళు వచ్చేవి. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. ఫోన్లు ఆగితే పట్టు వ్యాపారం ఆగుతుంది కాబట్టి, ఎర్తు గుంత వాటా మాత్రం ఊరి పెద్దలు తగ్గించలేదు. అయినా వరసలో నిలబడ్డవాళ్ళ కళ్ళు ఆ బిందెల మీదే ఉండేవి. ఒక ముసలాయన నన్ను ఆపి, "ఏమప్పా, మనుషులకు లేని నీళ్ళు మన్నుకు పోస్తాండారే, ఇది ఏం చదువు?" అన్నాడు. ఆయనకు కరెంటు సంగతి చెప్పబోయాను. ఆయన వినకుండా బిందె ఎత్తుకుని పోయాడు.

ఒకరోజు పట్టు షావుకారు వచ్చి బెంగుళూరు ఫోనులో గరగర తప్ప మాట వినబడలేదని గొడవ చేశాడు. ఆ మధ్యాహ్నమే నేను భోజనం త్వరగా ముగించి తిరిగొస్తుంటే, అక్క చంకలో నిండు బిందెతో మా వెనక గుమ్మం నుంచి వాళ్ళ వీధి వైపు పోతూ కనిపించింది. గొట్టం వైపు కూడా చూడలేదు. మరునాడు కాపు కాశాను. మళ్ళీ అంతే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, నాకు ఇంకేం ఆలోచన రాలేదు. గుంత నీళ్ళు ఇంటికి మోసుకుపోతోంది, అందుకే గుంత ఎండింది, అందుకే గరగర. అంతే.

అనంతపురంలోని మా పెద్ద ఇంజనీరు గారికి ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాశాను. ఇటువంటి మనిషిని పనిలో ఉంచకూడదని కూడా రాశాను. ఇంగ్లీషు బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. కవరు అంటించి, అలవాటు ప్రకారం ఆ రోజు టపాతో కలిపి ఆమె చేతికే ఇచ్చాను. ఆమె మీద ఫిర్యాదు ఆమే మోసుకుపోవాలి. అప్పుడది నాకు తప్పనిపించలేదు, ఆఫీసు పద్ధతి అనిపించింది.

రెండు రోజుల తర్వాత, రుజువుగా ఎర్తు రీడింగు కూడా పంపుదామని మీటరు తీశాను. పెట్టె మూత లోపల కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. ఎందుకు కట్టదు? నెలనెలా రీడింగు తీసి రిజిస్టరులో రాయాలి. నేను చేరినప్పటి నుంచీ పైగడిలోని అంకెను చూసి కిందిగడిలో దించుతున్నాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నా నలుపు కందిరీగై ఆ పెట్టెలో నుంచి ఎగిరి నా చెవి పక్కగా పోయింది.

గూడు తుడిచి, తీగలు తగిలించి మీటరు పిడి తిప్పాను. ముల్లు ఎంత తక్కువలో ఆగితే గుంత అంత బాగున్నట్టు. అది నేను దొంగలెక్క రాస్తూ వచ్చిన అంకె కంటే బాగా కిందికి పోయి నిలబడింది. మీటరు చెడిందనుకున్నాను. మళ్ళీ తిప్పాను. మూడోసారీ అదే. ఆ ఊళ్ళో నేల తల్లి నోరు తెరుచుకుని ఉంటే, మా గుంత మాత్రం వానాకాలంలో ఉన్నట్టుంది. వంగి చూస్తే గొట్టం చుట్టూ మట్టి తడిగా ఉంది. ఒకపక్క ఎర్రగా, ఒకపక్క నీలంగా మరకలు.

అక్కడే గోడనీడలో కూర్చున్నాను. కాసేపటికి అక్క రెండు డబ్బాలతో వచ్చింది. పట్టు ఉడకబెట్టి, రంగులద్దాక పారబోసే నీళ్ళవి. సబ్బు, సోడా, ఉప్పు అన్నీ కలిసిన కంపు. నన్ను చూసి కొయ్యబారిపోయింది. ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నావని అడిగాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి అంది. రంగుల ఇంటి ముందర ఈ నీళ్ళు ఊరికే పారిపోతుంటే పట్టుకొస్తోందట. మంచినీళ్ళ బిందెలు రెండూ వాళ్ళ వీధిలో బాలింత ఒకామెకూ, తన ఇంటికీ ఇస్తోందట.

ఈ నీళ్ళు పోయవచ్చని నీకు ఎవరు చెప్పారన్నాను.

"నువ్వే చెప్తివి కదా సారూ. నెలకోసారి ఉప్పేయల్ల, అప్పుడే గుంత బాగుంటాదని. ఈ నీళ్ళల్లో ఉప్పుండాది, సోడా ఉండాది. మంచినీళ్ళ కంటే ఇవే మేలనుకొంటి."

అది అక్షరాలా నిజం. నేను మూడేళ్ళు చదివి పరీక్షలో రాసి వచ్చిన పాఠం అది. ఉప్పు వేయమని చెప్పింది నేను, ఎందుకు వేయాలో ఆలోచించింది ఆమె. మరి నాతో ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగాను. ఆమె డబ్బాలు కింద పెట్టి, గొట్టం వైపు చూపించింది.

"దానికి నువ్వు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొడితివి. నీ దేవునికి మురికినీళ్ళు పోస్తాండానని ఏ మొగంతో చెప్పేది?"

పొమ్మంటే పోయే భక్తి నాది, ఏడాదికొక టెంకాయ. దాన్ని ఆమె అంత మర్యాదగా చూసింది. నీళ్ళ దొంగ అని రాసిన నా ఇంగ్లీషు అప్పటికి అనంతపురం దారిలో ఉంటుంది. గరగర గుంతది కాదని తేలింది కాబట్టి, ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని ఊరి చివర స్తంభాలన్నీ ఎక్కి చూశాను. మూడో స్తంభం మీద కాకి ఇనుపతీగ ముక్కలతో గూడు కట్టుకుంది. రెండు తీగలనూ కలుపుతున్నది ఆ గూడే. షావుకారు గరగర అంతా అదే.

మర్నాడు పొద్దున్నే అనంతపురానికి ఫోను చేశాను. ఇంజనీరు గారు ఎత్తారు. జరిగిందంతా చెప్పాను. ఫిర్యాదు అబద్ధమనీ, గుంతను నాకంటే ఆమే బాగా చూసుకుంటోందనీ, రిజిస్టరులో అంకెలు కూడా నేను తీసినవి కావనీ చెప్పాను. ఆ చివరిమాట చెప్పకపోయినా జరిగిపోయేదే. కానీ ఆమెను దొంగ అని రాసినవాణ్ణి, నా దొంగతనం దాచుకుంటే ఎట్లా? లైను ఎంత తేటగా ఉందంటే ఆయన గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా వినపడింది.

"మీటరు కంటే ముందు పెన్ను తీసినావు చూడు, అది నీ తప్పు," అన్నారాయన. ఉత్తరం ఇంకా రాలేదట. వస్తే చింపేస్తాను, నీ సంగతి వచ్చి చూస్తానన్నారు. చూశారు కూడా. నా సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ పడింది. దాని మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

పది రోజులైనా ఆ ఉత్తరం మాత్రం ఆయనకు అందలేదు. తెలియకుండా వేరే ఎవరి బల్ల మీదికైనా పోయిందేమో, ఏ గుమాస్తా దాన్ని పట్టుకుని ఆమె పని తీసేస్తాడో అని నాకు ముద్ద దిగేది కాదు. ఇక ఉండబట్టలేక ఒకరోజు అక్కను కూర్చోబెట్టి, నీ మీద ఇట్లా రాశానని చెప్పేశాను. ఆమె లేచి ఇంటికి పోయింది. తిరిగి వచ్చి, కొంగుముడిలోంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టింది. నా రాత. అంటించింది అంటించినట్టే ఉంది.

నీ గురించి అని నీకెట్లా తెలుసన్నాను. రోజూ టపా ఇచ్చేటప్పుడు జాగ్రత్త అక్కా అంటావు, ఆ పొద్దు తలకాయ ఎత్తలేదు అంది. నీ కూతురు చదువుతుంది కదా, విప్పి చదివించుకోలేదా అన్నాను. వేలితో ఆ కవరు అంచు నిమిరింది.

"అంటించిన జాబు ఎట్ల ఇప్పేది సారూ? అది నీది."

మరి పోస్టులో ఎందుకు వేయలేదంటే తల దించుకుంది. అంతసేపటికి మొదటిసారి ఆమె గొంతులో భయం వినపడింది.

"ఏయకుండా ఉండను సారూ. పాపకు పరీక్షలు జరుగుతాండాయి. అయ్యేదంకా నాకు పని ఉంటే చాలనుకొంటి. రేపు లెక్కల పరీక్ష, అదొక్కటే మిగిలుండాది. ఎల్లుండి నేనే ఏసొస్తాంటి."